మందను ఆపమన్నాం సరే, మేత ఎవరిస్తారు? కళ్యాణదుర్గం వైపు ఒక పీపీఆర్ కేసు

నేను అనంతపురం జిల్లాలో పశువైద్యుడిగా పనిచేస్తున్నా. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్ళో గొర్రెలకు, మేకలకు పీపీఆర్ అనే వైరస్ అంటురోగం వచ్చినప్పుడు మొదటి ఫోన్ నుంచి చివరి టీకా దాకా ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నా. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను, ఎందుకంటే ఒకసారి పేరు బయటపడితే ఆ ఊరి జీవాలను సంతలో రెండేళ్ళ పాటు ఎవరూ సరైన రేటుకు అడగరు, ఆ భయం వల్లే ఈ కేసు కూడా మా దాకా ఆలస్యంగా వచ్చింది. చదివేవాళ్ళలో మన డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఉంటారు, గొర్రెలు పెంచే ఇళ్ళ పిల్లలు కూడా ఉంటారు, అందుకే రోగం గురించి, పాలసీ గురించి రెండూ కలిపి రాస్తున్నా.

ముందు మా ప్రాంతం సంగతి కొంచెం చెప్పాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7.4 కోట్లు, అందులో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.76 కోట్లు, తెలంగాణ తర్వాత మనమే. మన రాష్ట్రంలో మళ్ళీ అనంతపురం వైపే మందలు ఎక్కువ. వాన తక్కువ, శెనక్కాయ పంట ఒక ఏడు వస్తే రెండేళ్ళు పోతుంది, ఆ పోయిన ఏళ్ళలో కురుబ, గొల్ల ఇళ్ళను నిలబెట్టేది జీవాలే. అయితే ఈ మందలు ఏడాదంతా ఊళ్ళో ఉండవు. శెనక్కాయ పీకేసి, ఆ చేలల్లో మేత అయిపోయాక తుంగభద్ర కాలవల కింద వరి కోసిన మళ్ళకు, బళ్ళారి, సిరుగుప్ప వైపు, కొందరు కర్నూలు కేసీ కెనాల్ వైపు తోలుకుపోతారు, అక్కడి రైతులు పొలంలో మంద పెట్టించుకుని ఎరువు కోసం డబ్బో గింజలో ఇస్తారు, మళ్ళీ తొలకరి పడ్డాకే సొంతూరికి రావడం. ఈ రాకపోకలు అర్థం కాకుండా మా జిల్లాలో ఏ గొర్రెల రోగాన్నీ అర్థం చేసుకోలేం.

ఈ కేసులో మొదటి మంద కూడా అట్లా తొలకరికి తిరిగొచ్చిందే. వంద దాటిన మంద, ఎక్కువ గొర్రెలే, కొన్ని మేకలు. వచ్చే దారిలో ఒక వారపు సంతలో పెంచుకోవడానికి పొట్టేలి పిల్లలు కొన్నారు, అవి అమ్ముడుపోక రెండు మూడు సంతలు తిరిగిన పిల్లలని తర్వాత తెలిసింది. ఊరికొచ్చిన వారం లోపలే గొర్రె పిల్లలు పారడం (విరేచనాలు) మొదలైంది. తొలకరి పచ్చిగడ్డి తిన్నందుకు పారుతున్నాయనుకున్నారు, అది సహజమే, ప్రతి ఏడూ కొత్త గడ్డికి కొన్ని పారతాయి. నట్టల మందు తాపారు. తగ్గలేదు. చిటుక రోగమేమో అని ఎవరో చెప్తే మెడికల్ షాపులో సూది మందు తెచ్చి పొడిచారు. పిల్లలు చావడం మొదలయ్యాక, ఇంకో మూడు మందల్లో కూడా ముక్కులు కారడం కనిపించాక, రైతు సేవా కేంద్రంలో పనిచేసే మా పశుసంవర్ధక సహాయకుడు ఆ దారిన పోతూ చూసి నాకు ఫోన్ చేశాడు. మంద వాళ్ళు చెప్పలేదు, అతనికి కనబడింది కాబట్టి తెలిసింది, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నేను పోయేసరికి దొడ్డిలో జీవాలు తలలు వేలాడేసి నిలబడి ఉన్నాయి. జ్వరం చూస్తే చాలావాటికి 105 డిగ్రీలు దాటింది. కళ్ళలో పుసి, ముక్కుల నుంచి కొన్నిటికి నీళ్ళలాగా, రోగం ముదిరిన వాటికి చీములాగా చిక్కగా కారి ముక్కు రంధ్రాలు పూడుకుపోతున్నాయి. నోరు తెరిస్తే కంపు, చిగుళ్ళ మీద, నాలుక కింద తవుడు చల్లినట్టు తెల్లటి పొర, దాన్ని తుడిస్తే కింద ఎర్రటి పుండు. దగ్గు. తోకల కింద అంతా పారుడు అంటుకుని ఉంది. చూడి గొర్రెలు రెండు మూడు ఈడ్చుకున్నాయని, అంటే కడుపు పోయిందని చెప్పారు.

ఇట్లాంటప్పుడు ఏది కాదో ముందు తేల్చుకోవాలి. చిటుక రోగమైతే బాగా మేసి కండపట్టిన పిల్ల రాత్రికి రాత్రే చచ్చిపోతుంది, నోట్లో పుండ్లుండవు, ఇన్ని రోజులు ముక్కులు కారవు. నీలి నాలుకైతే మూతి, పెదాలు వాస్తాయి, గిట్టల పైన ఎర్రబడి కుంటుతాయి, దోమ లాంటి చిన్న ఈగలు కుట్టి వచ్చేది కాబట్టి మన దగ్గర వానలు బాగా పడ్డాక ఎక్కువ కనిపిస్తుంది, మేకల్లో అంతగా బయటపడదు. ఇక్కడ కుంటు లేదు, మూతి వాపు లేదు, మేకలూ గొర్రెలూ రెండూ పడ్డాయి. బొబ్బ రోగమైతే తోక కింద, పొదుగు మీద గడ్డలు కనిపించాలి, లేవు. గాలికుంటుకు గిట్టల మధ్య పుండ్లుండాలి, అవీ లేవు. ఊపిరితిత్తుల జబ్బు ఒక్కటే అయితే నోరు ఇట్లా ఉండదు. చచ్చిన పిల్లను ఒకదాన్ని కోసి చూస్తే ఊపిరితిత్తుల ముందు భాగం గట్టిపడి కాలేజంలాగా ఉంది, పెద్దపేగు చివర లోపలి పొర మీద ఎర్రటి చారలు వరసగా ఉన్నాయి, వీటినే మేం జీబ్రా గీతలంటాం. అన్ని పీపీఆర్ కేసుల్లోనూ కనిపించవు గానీ మిగతా లక్షణాలతో పాటు అవి కూడా కనిపిస్తే అనుమానం బాగా బలపడుతుంది. బతికున్నవాటి కంటి, ముక్కు స్వాబ్‌లు, రక్తం, చచ్చినదాని ఊపిరితిత్తి, ప్లీహం, పేగుల దగ్గరి లింఫ్ గ్రంథులు ఐస్ బాక్స్‌లో పెట్టి జిల్లా ల్యాబ్ ద్వారా పంపాం. తర్వాత ఎలైసా పరీక్షలో పీపీఆర్ అని తేలింది. రిపోర్ట్ వచ్చేదాకా మేం చేతులు కట్టుకుని కూర్చోలేదు, కూర్చోకూడదు కూడా.

రోగం గురించి రెండు మాటలు. పీపీఆర్ వైరస్ ఒకప్పుడు ఆవులు, బర్రెలను చంపిన రిండర్‌పెస్ట్ వైరస్‌కు దగ్గరి చుట్టం. మొదట 1942లో పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో గుర్తించారు, మన దేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది. దీనికి వైరస్‌ను చంపే మందు లేదు. మేం ఇచ్చేదంతా పైన వచ్చే బ్యాక్టీరియా జబ్బును ఆపడానికి యాంటీబయాటిక్, నీళ్ళు తగ్గకుండా సెలైన్ లేదా ఓఆర్ఎస్, నోటి పుండ్లకు బోరిక్ గ్లిసరిన్, మేయలేని వాటికి పల్చటి రాగి అంబలి. దీనితో కొన్ని బతుకుతాయి, చిన్న పిల్లలు ఎక్కువ పోతాయి. కానీ ఈ రోగానికి మూడు బలహీనతలు ఉన్నాయి, పాలసీ అంతా వాటి మీదే కట్టారు. ఒకసారి వచ్చి తగ్గిన జీవానికి మళ్ళీ రాదు, అది వైరస్‌ను మోస్తూ తిరగదు. వైరస్ ఎండలో, బయట ఎక్కువసేపు బతకదు, జీవం నుంచి జీవానికి దగ్గరగా ఉన్నప్పుడే అంటుకుంటుంది. టీకా మంచిది, మన ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) తయారుచేసిన సుంగ్రీ 96 టీకా ఒక్క డోసు వేస్తే కనీసం మూడేళ్ళు కాపాడుతుంది. అందుకే 2030 నాటికి ప్రపంచమంతా పీపీఆర్ లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. రిండర్‌పెస్ట్‌ను అట్లాగే తుడిచేశాం, 2006లో మన దేశం, 2011లో ప్రపంచం మొత్తం దాన్నుంచి బయటపడింది. కాబట్టి ఇది అయ్యే పనే.

అయ్యే పని ఎందుకు కావట్లేదో ఈ ఊళ్ళో కనిపించింది.

2009లో వచ్చిన జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం ఉంది మనకు. షెడ్యూల్‌లో ఉన్న రోగం వచ్చిందనే అనుమానం ఉన్నా యజమాని ఊరి అధికారికో పంచాయతీకో చెప్పాలి, వాళ్ళు దగ్గర్లో ఉన్న పశువైద్యుడికి చెప్పాలి. రోగం ఉన్నదాన్ని వేరుచేయడం యజమాని బాధ్యత. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి ఒక ప్రాంతాన్ని కంట్రోల్డ్ ఏరియాగా ప్రకటిస్తే అక్కడ టీకా తప్పనిసరి, అక్కడి జీవాలు బయటికి పోకూడదు. పీపీఆర్ ఆ షెడ్యూల్‌లో ఉంది. చట్టం రాసినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాశారు, ఇంకా చెప్పాలంటే ఇట్లాంటి చట్టం లేకపోతే మా పని సగం ఆగిపోతుంది. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా నేను, సర్పంచ్, గ్రామ సచివాలయం వాళ్ళు కూర్చుని ఊరి లెవెల్లో ఒక మాట అనుకున్నాం. రోగం వచ్చిన మందలు ఊరి పడమటి గుట్ట కిందే ఉండాలి, పెద్ద కుంటలో నీళ్ళు తాపకూడదు, ఎవరూ సంతకు తోలకూడదు, బయటి నుంచి కొనకూడదు, మూడు వారాల పాటు.

అప్పుడు ఒక పెద్దాయన లేచి అడిగిన మాట నాకు ఏ ట్రైనింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. "సార్, గుట్ట కింద పెట్టమంటారు సరే. ఆడ గడ్డి యాడుంది? ఇంకా పది దినాలు గానీ మొలకెత్తదు. మూడు వారాలు ఆడ్నే పెడితే రోగంతో సచ్చేటివి సగమైతే ఆకలికి సచ్చేటివి సగం." నేను "పెద్దాయనా, తోలుకుపోతే పక్కూరి మందలు కూడా పోతాయి కదా" అంటే, "పక్కూరోళ్ళు మావోళ్ళే సార్, వాళ్ళకి రావల్లని నాకేమైనా ఉంటాదా, మేత సూపీయండి, కదలను" అన్నాడు.

ఆ మాటలో తప్పేం లేదు. మా చేతికొచ్చే ఉత్తర్వుల్లో మందను ఆపమని ఉంటుంది, ఆపిన మంద ఏం తినాలో ఉండదు. కరువు వచ్చినప్పుడు పశువుల క్యాంపులు పెట్టి గడ్డి పోసిన జిల్లా ఇది, ఆ లెక్క ప్రభుత్వానికి బాగా తెలుసు, రెవెన్యూ వాళ్ళకి, మాకు అందరికీ అలవాటే. కరువుకు గడ్డి ఇవ్వగలిగితే రోగానికి ఎందుకివ్వకూడదు? రోగం వచ్చిన మూడు వారాలూ ఆ మంద వాళ్ళకి కరువే కదా. ఈ కేసులో అదృష్టం కొద్దీ ఊళ్ళో కొందరి దగ్గర పోయినేడు వాములో మిగిలిన శెనక్కాయ కట్టె (కాయ తీసేసిన ఎండు మొక్కలు) ఉంది, సర్పంచ్ అడిగి ఇప్పించాడు, తుమ్మ, రేగు మండలు కొట్టుకొచ్చి వేశారు, నీళ్ళకు ఒక రైతు బోరు నుంచి పైపు లాగి తొట్టి నింపాడు. అట్లా మందలు ఆగాయి. మనుషుల మంచితనం మీద ఆగాయి, పాలసీ మీద కాదు. ఇంకో ఊళ్ళో కట్టె ఉండకపోవచ్చు, బోరు ఎండిపోయి ఉండొచ్చు.

టీకాల విషయానికొస్తే, బయటి నుంచి లోపలికి వేసుకుంటూ వచ్చాం. అంటే ముందు రోగం లేని చుట్టుపక్కల ఊళ్ళు, తర్వాత ఇదే ఊళ్ళో జ్వరం లేని మందలు. రోగం తగిలిన మందలోకి టీకా వేసిన చేతులతో, అదే సూదులతో పోయి వచ్చి మళ్ళీ ఆరోగ్యంగా ఉన్న మందలో అడుగుపెట్టకూడదు, అందుకే టీంలు వేరు చేశాం. ఈ టీకా పొడి రూపంలో వస్తుంది, సీసాకు వంద డోసులు, చల్లటి సెలైన్‌లో కలిపాక ఐస్ మీదే పెట్టుకుని గంట రెండు గంటల్లో వాడేయాలి, లేకపోతే ఆ ఎండకు సీసాలో బతికున్న వైరస్ చచ్చిపోయి మనం వట్టి నీళ్ళు పొడిచినట్టే అవుతుంది. కాబట్టి నలభై జీవాలున్న మంద ఒక్కటే ఉంటే సీసా పగలగొట్టడానికి మా వాళ్ళు వెనకాడతారు, పక్క మంద వచ్చేదాకా చూస్తారు, ఆ లోపల వీళ్ళు మేపుకి తోలేస్తారు. మందలు దొడ్డి నుంచి కదిలేది పొద్దున తొమ్మిది పది గంటలకు, మేం తెల్లారకముందే దొడ్ల దగ్గర ఉండాలి. మా సహాయకులు, గోపాలమిత్రలు ఆ రోజుల్లో నిద్ర లేకుండా చేశారు, వాళ్ళ గురించి ఎవరూ రాయరు, నేను రాస్తున్నా.

పుకారు కూడా పుట్టింది. టీకా వేసిన నాలుగైదు రోజులకు ఒక మందలో కొన్ని పిల్లలు పడ్డాయి. అవి టీకా వేసే రోజుకే లోపల రోగం పట్టుకున్నవి, బయటపడలేదంతే, టీకా బలం రావడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. కానీ ఊళ్ళో మాట మాత్రం "సూదేసినాక సచ్చిపాయె" అని. పక్క ఊళ్ళో రెండు మందలు మేం వస్తామని తెలిసి పొద్దున్నే కొండకు తోలేశారు. మేం వాదన పెట్టుకోలేదు. ఆ చచ్చిన పిల్లల మంద ఓనర్‌నే వెంటబెట్టుకుని పోయాం, అతనికి ముందు రోజే థర్మామీటర్ చూపించి ఏ పిల్లకు జ్వరం ఉందో, ఏది వదిలేశామో చెప్పి ఉన్నాం కాబట్టి అతనే చెప్పాడు వాళ్ళకి. చూడి గొర్రెలు ఈడ్చుకుంటాయనే భయం కూడా ఎక్కువ, ఈనే దగ్గరికొచ్చిన వాటిని ఒడిసిపట్టి లాగకుండా నెమ్మదిగా పట్టుకోవాలి, అంతే.

చచ్చిన జీవాలను వంకలో పారేయడం మా వైపు అలవాటు, కుక్కలు లాక్కుపోతాయి. జేసీబీ పెట్టి లోతుగా గుంత తీయించి సున్నం వేసి పూడ్చాం. ఖర్చు పంచాయతీ పెట్టుకుంది.

మూడు వారాలు దాటాక కొత్త కేసు రాలేదు. మొదటి మందలో పిల్లలు సగం దాకా పోయాయి, పెద్దవి చాలావరకు నిలబడ్డాయి. తర్వాత చిక్కుకున్న మందల్లో నష్టం చాలా తక్కువ.

ఇప్పుడు వెనక్కి పోయి చూస్తే రోగం ఎక్కడ దూరింది? మన రాష్ట్రంలో పీపీఆర్ టీకాలు కొత్త కాదు, 2010-11లో కేంద్రం పీపీఆర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి విడత రాష్ట్రాల్లో మనమూ ఉన్నాం. ఇప్పుడు అది నిర్మూలన కార్యక్రమంగా మారింది, టీకా ఖర్చు కేంద్రానిదే, 2025 మార్చిలో కేంద్ర కేబినెట్ పశు ఆరోగ్యం, వ్యాధుల నియంత్రణ పథకానికి రెండేళ్ళకు 3,880 కోట్లు ఒప్పుకుంది. డబ్బు లేదని అనలేం. ఈ ఊళ్ళో కూడా టీకాలు వేసిన రికార్డు ఉంది. కానీ టీకాలు వేసినప్పుడు ఈ మందలు సిరుగుప్ప వైపు మళ్ళల్లో ఉన్నాయి. రికార్డు ఊరి పేరు మీద ఉంటుంది, మంద పేరు మీద ఉండదు. ఆవులకు, బర్రెలకు 12 అంకెల చెవి పోగు వేసి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నాం, గొర్రెకు అంత జరగట్లేదు, కాబట్టి ఊళ్ళో ఉన్నవాటికి రెండోసారి వేసినా, వలస పోయినవాటికి ఒక్కసారి కూడా వేయకపోయినా లెక్క ఒకేలాగా కనిపిస్తుంది. దానికి తోడు ప్రతి కాన్పులో కొత్త పిల్లలు వస్తాయి, తల్లి పాల బలం మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది, ఆ వయసు పిల్లలే మొదట పడతాయి. ఇక్కడా పడింది అవే.

బయటి రాష్ట్రం మళ్ళల్లో ఉన్న మందకు అక్కడి డాక్టర్లు టీకా వేయాలా, మనం పోయి వేయాలా? రెండు వైపులా చేయాలనే ఉంటుంది, టీకాలు ఎవరి ఇండెంట్‌లో (తెప్పించుకునే లిస్టులో), ఎవరి లెక్కలో అనే దగ్గర ఆగిపోతుంది. నా అభిప్రాయం, మందలు ఎక్కువ దిగే కాలవ ఊళ్ళు మాకూ వాళ్ళకీ తెలుసు, ఆ మళ్ళల్లో ఉన్న నెలల్లోనే ఉమ్మడి టీం పెట్టి వేయడం, వేసిన మందకు ఓనర్ సెల్ నంబర్ మీద ఒక చీటీ ఇవ్వడం. ఊరి క్యాలెండర్ పట్టుకుని కాకుండా మంద నడిచే దారి పట్టుకుని వేయాలి.

రెండోది, చెప్పినవాడికి నష్టం రాకూడదు. ఈ కేసులో మొదటి మంద ఓనర్ మొదట్లోనే చెప్పి ఉంటే ఏమయ్యేది? సంత బంద్, ఊరంతా అతన్ని తిట్టేది, మేత లేదు, చచ్చిన పిల్లలకు పైసా రాదు ఎందుకంటే బీమా క్లెయిమ్‌కు చెవి పోగు, ముందే కట్టిన ప్రీమియం, పోస్ట్‌మార్టం సర్టిఫికెట్ అన్నీ కావాలి, ఇక్కడ ఆ మందల్లో బీమా ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. చెప్పకుండా ఉంటే? కొంచెం నీరసంగా ఉన్నవాటిని ముందే సంతకు తోలి ఎంతో కొంత చేసుకోవచ్చు. ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు. ఆ లెక్క వేసుకున్నవాడిని నేను తిట్టలేను. చట్టంలో జరిమానా ఉంది, కానీ జరిమానా భయంతో ఎవరైనా ఫోన్ చేయడం నేను చూడలేదు. ఆపిన రోజుల్లో మేత, బోరు నీళ్ళకు కరెంటు ఖర్చు, చనిపోయిన పిల్లకు ఎంతో కొంత, ఇవి మూడూ ఉంటే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ రోగం మొదలైన రెండో రోజే వస్తుంది. వ్యాధి ఊరంతా పాకాక మేం పెట్టే మందులు, పెట్రోలు, మనుషుల ఖర్చుతో పోలిస్తే అది పెద్దదేం కాదని ఇన్నేళ్ళ ఫీల్డు పని చూసి చెప్తున్నా.

సంతల సంగతి కూడా ఉంది. అమ్ముడుపోని జీవాలు ఒక సంత నుంచి ఇంకో సంతకు వ్యాన్లలో తిరుగుతూనే ఉంటాయి, అన్ని ఊళ్ళ మందల ఊపిరి అక్కడే కలుస్తుంది. సంత గేటు దగ్గర ఒక సహాయకుడిని కూర్చోబెట్టి ముక్కులు కారేవాటిని, పారేవాటిని పక్కకు తీయిస్తే చాలా ఆగుతుంది. మార్కెట్ ఫీజు వసూలు చేసే చోట ఈ ఒక్క పని ఎందుకు పెట్టకూడదో నాకు అర్థం కాదు.

కొన్ని నెలల తర్వాత ఆ చుట్టుపక్కల మందల్లో సీరం తీసి పంపాం, టీకా వేసిన చోట్ల యాంటీబాడీలు బాగానే వచ్చాయి, కొండకు తోలేసుకుపోయిన ఆ రెండు మందల్లో లేవు. వాళ్ళకి మళ్ళీ పోయి వేశాం, ఈసారి వాళ్ళే దొడ్డిలో ఆపి పెట్టారు. ఆ సీజన్‌లో ఈనిన పిల్లలకు నాలుగో నెల నిండగానే వేయాలని లిస్టు రాసుకున్నాం, మందలు కాలవల కిందికి కదలకముందే. సంత నుంచి కొన్న జీవాన్ని మూడు వారాలు వేరే దొడ్డిలో పెట్టి, వేరే తొట్టిలో నీళ్ళు తాపి, ఏమీ లేదని చూసుకున్నాకే మందలో కలపమని ఊళ్ళో అందరికీ చెప్పాం, కొందరు చేస్తున్నారు. మందలు ఆగినప్పటి మేత ఖర్చు గురించి రాసి పైకి పంపాను, ఇంకా జవాబు రాలేదు.